గొంతు సిద్ధమైంది తల్లీ, ఇక పాట పాడు

చిరంజీవి చిట్టితల్లికి,

అనకాపల్లి నుంచి అమ్మమ్మ ఆశీర్వదించి రాస్తున్న ఉత్తరం. ఇది నీ ఒక్కదానికే అనుకోకు. గవరపాలెం నుంచి శంకరం దాకా, సాయంత్రం దీపాల వేళ శ్రుతి పెట్టుకుని చాప మీద కూర్చునే ప్రతి ఆడపిల్లనీ, మగపిల్లవాణ్ణీ కలుపుకునే నువ్వు అంటున్నాను. చాలాకాలంగా మనసులో ఒక దిగులు తిరుగుతోంది. అది నీతో చెప్పుకోకుండా ఉండలేకపోతున్నాను. తీరిక చేసుకుని చదువు. ఒక్కసారికి వద్దనిపిస్తే రెండుసార్లుగా చదువు.

ముందు మెచ్చుకోవలసింది మెచ్చుకోనీ. నా చిన్నతనంలో వర్ణం మూడు కాలాల్లో పాడగలిగిన పిల్ల గురించి ఊరంతా చెప్పుకునేవారు. ఇప్పుడు పదేళ్ళ పిల్లలు కూడా తడబడకుండా పాడేస్తున్నారు. శ్రుతి జరగదు, తాళం తప్పదు. పైస్థాయి పంచమం దాకా వెళ్ళి నవ్వుముఖంతోనే కిందికి దిగుతారు. ఫోనులోనే తంబురా, ఫోనులోనే తాళం, ఎక్కడో చెన్నైలో ఉన్న గురువుగారి పాఠం కూడా ఫోనులోనే. వచ్చిన సదుపాయాన్ని మీరు వాడుకుంటున్న తీరు చూస్తే గర్వంగా ఉంటుంది. నువ్వు పాట పంపినప్పుడల్లా ఇంటికొచ్చినవాళ్ళందరికీ వినిపిస్తాను. అందరూ "అబ్బ, ఏం గొంతమ్మా" అంటారు. ఇంతకీ ఆ పాటలో ఎవరు ఎవరితో ఏం చెప్పుకుంటున్నారు అని అడిగితే మాత్రం ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. గొంతు వాళ్ళకి అందింది కానీ పాట అందలేదు. నా దిగులు అదే తల్లీ.

ఇందులో నీ తప్పేమీ లేదు. మేము, పెద్దవాళ్ళం, నేర్పిన తీరు అలా ఉంది. ఎన్ని కీర్తనలు వచ్చాయని లెక్క అడిగాం, ఎన్ని కప్పులు వచ్చాయని బీరువాలో వరసగా పెట్టాం. పోటీకి గడువు దగ్గరపడుతోందని స్వరం, సాహిత్యం గబగబా ఎక్కించి వేదిక మీద నిలబెట్టాం. అర్థం తరవాత చెప్పుకోవచ్చులే అనుకున్నాం, ఆ తరవాత అనేది రానే లేదు. పాట చెప్పిన నాబోటివాళ్ళందరికీ ఇందులో పాలుంది. అందుకే ఇప్పుడైనా చెబుతున్నాను. గొంతు సాధించడం ఒక మజిలీ. అక్కడి నుంచి పాట దగ్గరికి ఇంకా నడవాలి. ఆ దారిలో మనకంటే ముందు నడిచినవాళ్ళు మన చుట్టుపక్కలే ఉన్నారు. వాళ్ళ సంగతులు నీకు తెలియాలి.

నూకల చిన సత్యనారాయణ గారి పేరు విన్నావా? మన అనకాపల్లిలోనే పుట్టారు. విజయనగరం సంగీత కళాశాలలో ద్వారం వెంకటస్వామి నాయుడు గారి దగ్గర వయొలిన్ నేర్చుకున్నారు. ద్వారం వారి కమాను అంటే దేశమంతా చెవులప్పగించిన కమాను. అలాంటి గురువు దగ్గర చేయి తిరిగాక కూడా సత్యనారాయణ గారు గాత్రం వైపు మళ్ళి, శ్రీపాద పినాకపాణి గారి శిష్యులయ్యారు. వాద్యం మీద పట్టు ఉన్న మనిషి మళ్ళీ గొంతు తెరిచి మొదటినుంచీ నేర్చుకోవడం చిన్న మాట కాదు. పాడారు, కళాశాలల్లో బోధించారు, సంగీతం మీద పుస్తకాలు రాశారు, 2010లో పద్మభూషణ్ అందుకున్నారు. మన ఊరి బెల్లం గురించి బయటివాళ్ళు అడిగితే గుక్కతిప్పుకోకుండా చెబుతాం కదా, ఈయన గురించి కూడా అలాగే చెప్పాలి. మనవాడే కదా అన్న అభిమానంతో పాటు, ఆయన రికార్డు ఒకటైనా నిదానంగా విని చెప్పాలి.

ఆయన గురువు పినాకపాణి గారు శ్రీకాకుళం జిల్లా ప్రియాగ్రహారంలో 1913లో పుట్టారు. వృత్తికి డాక్టరు. వైద్య కళాశాలలో పాఠాలు చెప్పి, ఆసుపత్రిలో రోగులను చూసి, మిగిలిన వేళల్లో సంగీతం చెప్పిన మహానుభావుడు. మద్రాసులో ఉన్న రోజుల్లో పెద్ద విద్వాంసుల కచేరీలు వెంటబడి విని, తంజావూరు బాణీని ఆకళింపు చేసుకుని మన తెలుగు పిల్లల గొంతుల్లోకి దించారు. నేదునూరి కృష్ణమూర్తి గారు, వోలేటి వెంకటేశ్వర్లు గారు, మన నూకల వారు, అందరూ ఆయన తీర్చినవాళ్ళే. ఆయన పట్టుదలంతా గమకం మీద. స్వరం ఎక్కడ నిలవాలి, ఎక్కడ ఊగాలి, ఏ స్వరాన్ని తాకీ తాకనట్టు వదలాలి అన్నది కాగితం మీద పెట్టడానికి ఏళ్ళ తరబడి శ్రమించి 'సంగీత సౌరభం' సంపుటాలు తయారుచేశారు. శిష్యుడికీ గురువుకీ ఉన్న బంధం చూడు, ఇద్దరూ 2013లోనే కన్నుమూశారు, గురువు గారు మార్చిలో, శిష్యుడు జూలైలో. అప్పటికి గురువు గారికి 99 ఏళ్ళు. నువ్వు ఇవాళ తోడిలో గాంధారం కదిలించే తీరు వెనక అలాంటివాళ్ళ జీవితకాలపు కష్టం ఉంది. గమకం పైపై నగిషీ అనుకుంటే ఎంత వీలైతే అంత పెట్టాలనిపిస్తుంది. రాగానికి ప్రాణం అక్కడే ఉందని తెలిస్తే ఎంత అవసరమో అంతే పెడతావు. సాంకేతికం నుంచి భావంలోకి వేసే మొదటి అడుగు ఇదే.

ఇక విజయనగరం. అక్కడి సంగీత కళాశాల 1919లో పెట్టారు. మొదటి అధ్యక్షులు ఆదిభట్ల నారాయణదాసు గారు. ఒకేసారి అయిదు తాళాలు నడిపించేవారని ఆయన గురించి పెద్దలు చెప్పుకునేవారు. అంతటి లయ ప్రభువు తన విద్యనంతా ఎక్కడ ఖర్చుపెట్టాడు? హరికథలో. కాలికి గజ్జె కట్టి, చేత చిడతలు పట్టి, పండితుడికీ పామరుడికీ ఒకే కథ చెప్పి ఇద్దరి కళ్ళలోనూ నీళ్ళు తెప్పించాడు. తనకున్న లెక్కల ప్రతిభతో విద్వాంసులను హడలెత్తిస్తూ బతికేసి ఉండవచ్చు. ఆయన కథని ఎంచుకున్నాడు, కథ వినడానికి వచ్చిన జనాన్ని ఎంచుకున్నాడు. నీ విద్య కూడా చివరికి ఒక మనిషికి చేరాలి నాన్నా. చేరేది ఎవరికి అన్న ఆలోచన లేకుండా చేసిన సాధన చాపమీదే మిగిలిపోతుంది.

ఆ కళాశాల మెట్లెక్కినవాడే ఘంటసాల. కృష్ణా జిల్లా నుంచి చిన్న వయసులో వచ్చి, ఇల్లిల్లూ తిరిగి మధుకరం ఎత్తుకుని పొట్టపోసుకుంటూ, పట్రాయని సీతారామశాస్త్రి గారి దగ్గర శాస్త్రీయంగా నేర్చుకున్నారు. తరవాత సినిమాలకు వెళ్ళి ఆ విద్యతో ఏం చేశారో గమనించు. అప్పట్లో నాటకాల్లో పద్యం పాడితే చివర రాగం తీస్తూ పోయేవారు, జనం 'వన్స్‌మోర్' అంటే మళ్ళీ తీసేవారు. అలా రాగం తీసినవాళ్ళలో గొప్ప గొప్ప గాయకులు ఉన్నారు, నేను కాదనను. కానీ ఒక్కోసారి పద్యం ఎవరు చెబుతున్నారో, ఎందుకు చెబుతున్నారో మరుగున పడేది. ఘంటసాల రాగాన్ని కుదించి మాటకి పీట వేశారు. ప్రతి పదం విడివిడిగా వినబడేది. కోపం వస్తే కోపం, జాలి కలిగితే జాలి. జంధ్యాల పాపయ్యశాస్త్రి గారి 'పుష్పవిలాపం' ఆయన గొంతులో విను. కోయడానికి చేయి చాచిన మనిషితో పువ్వు తన గోడు చెప్పుకుంటుంది. రాగాల తీరు తెన్నులు తెలియని పల్లెటూరి ఆడవాళ్ళు కూడా అది విని పువ్వు కోయడానికి తటపటాయించారంటే నేను నమ్ముతాను. ఆయనకు రాగం తీయడం చేతకాక తగ్గించలేదు. చేతనైంది కనకే ఎక్కడ ఆపాలో తెలిసింది.

ఆ ఆపడం గురించి ఒక మాట. మన ఊరి చుట్టుపక్కల బెల్లం వండే చోట నువ్వు చూసే ఉంటావు. పెనంలో చెరకు రసం మరుగుతుంటే వండేవాడు గడియారం చూడడు, నురగ చూస్తాడు, కాస్త పాకం నీళ్ళలో వేసి వేళ్ళతో నలిపి చూస్తాడు. ముందే దించితే దిమ్మ కట్టదు, ఒక్క నిమిషం ఆలస్యమైతే ముదిరి మాడు వాసన వేస్తుంది. నువ్వు ఒక పంక్తికి నేర్చుకున్న ఎనిమిది సంగతుల్లో ఆ పూట ఎన్ని పాడాలి అన్నది కూడా అలాంటి ఎరుకే. అన్నీ వచ్చి ఉండాలి. అన్నీ వెయ్యనక్కరలేదు. నాలుగో సంగతికే మాటలోని వేడుకోలు వినేవాళ్ళ గుండెకు తగిలితే అక్కడ దించెయ్యి. మిగిలిన నాలుగూ నీ దగ్గర భద్రంగా ఉంటాయి.

భావం అంటే ముఖం ముడుచుకోవడం, గొంతులో ఏడుపు తెచ్చిపెట్టుకోవడం అని ఈ మధ్య కొందరు పిల్లలు అనుకుంటున్నారు. అది కాదమ్మా. భావం మాటలో ఉంది, ముందు మాట అర్థం చేసుకోవాలి. నీకు వచ్చిన రామదాసు కీర్తనే తీసుకో, 'ఇక్ష్వాకు కులతిలక'. రామదాసు అని మనం పిలిచే కంచెర్ల గోపన్న గోలకొండ చెరసాలలో దెబ్బలు తింటూ రాముడితో మాట్లాడుతున్నాడు. ప్రాకారం కట్టించాను, భరతుడికీ శత్రుఘ్నుడికీ లక్ష్మణుడికీ సీతమ్మకీ నగలు చేయించాను అని ఖర్చు లెక్కలతో సహా ఏకరువు పెడతాడు. కులుకుతూ తిరుగుతున్నావే, ఆ సొమ్ము నీకు తండ్రి ఇచ్చాడా, మామగారు పంపాడా అని నిలదీస్తాడు. తీరా చివరికి వచ్చేసరికి, తిట్టానని నొచ్చుకోకు, ఈ దెబ్బలు ఓర్చుకోలేక అన్నాను అని కాళ్ళబేరానికి వస్తాడు. ఒకే పాటలో లెక్క చెప్పే గుమాస్తా ఉన్నాడు, ఎదురు తిరిగిన భక్తుడు ఉన్నాడు, పశ్చాత్తాపపడిన బిడ్డ ఉన్నాడు. చరణాలన్నిటికీ వరస ఒకటే. ఆ వరసనే మొదటి చరణంలోనూ చివరి చరణంలోనూ ఒకే బలంతో, ఒకే నవ్వుతో పాడితే గోపన్న చెరసాలలో ఉన్నట్టు ఎవరికి తెలుస్తుంది? స్వరం మార్చక్కరలేదు. లెక్కల దగ్గర మాట కాస్త తెగినట్టు పలుకు. నిలదీసేచోట ఊపిరి నింపుకుని అను. చివరి చరణానికి ముందు ఒక్క క్షణం ఆగి, బలం తగ్గించి అందుకో. అంతే చాలు.

దానికొక చిన్న అలవాటు చెబుతాను, వెంటనే మొదలుపెట్టు. ఏ పాటైనా శ్రుతి పెట్టక ముందు సాహిత్యాన్ని మామూలు మాటల్లా పైకి చదువు. ఎదురుగా ఎవరో కూర్చుని ఉన్నారనుకుని వాళ్ళతో చెప్పు. ఎక్కడ మాట విరుగుతుందో, ఎక్కడ ఊపిరి తీసుకుంటే అర్థం చెడుతుందో నీ నాలుకకే తెలిసిపోతుంది. తాళం కోసమని మాటని నడుమ విరిచి, రెండో ముక్కని పక్క మాటకి అతికించి పాడేవాళ్ళు ఎందరో ఉన్నారు. అప్పుడు దేవుణ్ణి పిలిచే పిలుపు కూడా అర్థం లేని శబ్దం అయిపోతుంది. సినిమా పాట పాడినా అంతే. మన ఊళ్ళో చదువుకున్న సిరివెన్నెల సీతారామశాస్త్రి గారి పాట ఏదైనా తీసుకుని ముందు చదువు. ఆయన రాసిన ప్రశ్నకి ప్రశ్నలా, ఊరడింపుకి ఊరడింపులా గొంతు ఇవ్వకపోతే ఆయన అన్ని రాత్రులు మేలుకుని మాట వెతికిన కష్టం వృథా కదా. 'ణ'కీ 'న'కీ, 'ళ'కీ 'ల'కీ తేడా చూపు, ఒత్తులు మింగకు. 'పాడుతా తీయగా' 1996లో మొదలైనప్పటి నుంచి బాలసుబ్రహ్మణ్యం గారు పిల్లలకు ఓపిగ్గా దిద్దింది ఎక్కువగా ఇదే.

పాట మారితే పాడే మనిషి మారాలి. శ్రీరంగం గోపాలరత్నం గారు కూడా మన విజయనగరం వైపువారే. త్యాగరాజ కృతి ఎంత నిండుగా పాడేవారో, నండూరి సుబ్బారావు గారి ఎంకి పాటలు అంత తేలిగ్గా, పొలం గట్టు మీద నడిచినట్టు పాడేవారు. రేడియోలో వింటే ఇద్దరు మనుషులేమో అనిపించేది. క్షేత్రయ్య పదం పాడితే మళ్ళీ ఇంకో మనిషి, అలిగి తలుపు వేసుకున్న నాయిక. శ్రుతి శుద్ధి మాత్రం మూడుచోట్లా ఒకటే. నువ్వూ పాట పుస్తకంలో ప్రతి పాట పక్కన ఒక వాక్యం రాసుకో, ఇది ఎవరు, ఎవరితో, ఏ పరిస్థితిలో అంటున్నారు అని. రాయలేకపోతే ఆ పాట నీకు ఇంకా రాలేదని అనుకో. సిగ్గుపడక్కరలేదు, పెద్దవాళ్ళని అడుగు. శాస్త్రీయం నేర్చుకుంటున్నానని జానపదాన్ని చిన్నచూపు చూడకు. జముకు మోగుతుంటే కథ చెప్పే మన ఉత్తరాంధ్ర కళాకారుణ్ణి ఒక రాత్రి కూర్చుని విను. తూర్పు భాగవతంలో సత్యభామ మాట్లాడితే విను. సరళీ వరసలు చదవకపోయినా, వాళ్ళకి ఏ మాట ఎక్కడ ఎత్తాలో, ఎక్కడ దించాలో తెలుసు. అది నీకు కావలసిన చదువే.

ఇదంతా చెప్పానని సాధన తగ్గించేవు సుమా. గొంతు సాధించనివాడికి భావం ఉన్నా పలకదు. త్యాగయ్య గారు శ్రీరంజని రాగంలో 'సొగసుగా మృదంగ తాళము' అనే కృతిలో పాట ఎలా ఉండాలో తానే చెప్పారు. అందులో తాళం ఉంది, యతి ఉంది, విరామం ఉంది, భక్తి ఉంది, ద్రాక్షరసంలాంటి మాధుర్యం ఉంది, నవరసాలూ ఉన్నాయి. ఒకటి ఉంటే ఇంకొకటి అక్కరలేదని ఆయన అనలేదు. తెల్లవారుజామున మంద్రస్థాయిలో అకార సాధన మానకు. మొదటి కాలంలో ఎక్కువసేపు పాడు. మూడో కాలం తప్పుల్ని దాచేస్తుంది, మొదటి కాలం దాచదు, భావం పలికేదీ అక్కడే. నీ శ్రుతి నువ్వే పెట్టుకో. సినిమా పాట ట్రాక్ మీద పాడాలని, అసలు గాయని శ్రుతికి నీ గొంతుని గుంజకు. ఒక మెట్టు దించుకుంటే పరువేమీ పోదు, మాట హాయిగా పలుకుతుంది. గొంతు మారే వయసులో ఉన్న మగపిల్లలూ, మీరు కంగారుపడకండి నాయనా. ఆ కొన్నాళ్ళు అరవకుండా, మెల్లగా పాడుతూ, ఎక్కువగా వింటూ గడపండి. విన్నది ఎక్కడికీ పోదు.

వినడం అన్నాను కదా, మా రోజుల్లో ఉండి మీకు దక్కకుండా పోతున్నది అదే. పొద్దున్నే రేడియోలో భక్తిరంజని వచ్చేది. ఇంట్లో ఒకరు వంట చేస్తూ, ఒకరు ముగ్గు వేస్తూ మొదటి నుంచి చివరి దాకా విని ఉండేవారు. మాటలు నోటికి వచ్చేవి. గాయకుడు మంచి చోట మాట పట్టుకుంటే, వీధరుగు మీద కూర్చున్న మనిషికి కూడా తల ఊగేది. అలా వినేవాళ్ళు ఉండబట్టే పాడేవాళ్ళు అంత లోతుకి వెళ్ళారు. ఇప్పుడు అర నిమిషం ముక్కలు వింటున్నాం, అర నిమిషంలో మెప్పించాలంటే పై స్వరమో, వేగమో తప్ప దారి లేదు. మాట ఊరడానికి వేళ ఎక్కడిది? అందుకే నువ్వు పాడే పిల్లవి మాత్రమే కాకుండా వినే పిల్లవి కూడా కావాలి. స్నేహితురాలు పాడుతుంటే ఫోను పక్కన పెట్టి చివరిదాకా విను. బాగుందని ఊరుకోకు. ఏ మాట దగ్గర బాగుందో చెప్పు.

అందరూ సుశీలమ్మలు, ఘంటసాలలు కానక్కరలేదు తల్లీ. ఉద్యోగం చేసుకుంటూ, పిల్లల్ని పెంచుకుంటూ పాడుకున్నా పాట పాటే. పినాకపాణి గారు స్టెతస్కోపు పట్టుకున్న చేత్తోనే తాళం వేశారు. నీకు జీవితంలో సంతోషాలు రావాలని దీవిస్తున్నాను. కష్టాలు రాకూడదనే కోరుకుంటాను, కానీ వచ్చినా అవి నీ పాటకి పనికొస్తాయి. పద్నాలుగేళ్ళకి అందని మాట నలభై ఏళ్ళకి అందుతుంది. అప్పటికి గొంతు చెక్కుచెదరకుండా ఉండాలి, మనసు మొద్దుబారకుండా ఉండాలి. ఆ రెండూ నీకు ఉండుగాక. మన నూకాలమ్మ తల్లి నిన్ను చల్లగా చూచుగాక.

చివరగా ఒక్క కోరిక. ఈ వేసవి సెలవుల్లో కొత్త పాటలు నేర్చుకోకు. వచ్చినవాటిలో ఒక్కటే తీసుకో. దాని మాటలు చదువు, కథ తెలుసుకో, మొదటి కాలంలో పాడు, పెద్దవాళ్ళెవరైనా పాడింది పూర్తిగా విను, మళ్ళీ నీలా పాడు. మైకు లేకుండా, ట్రాక్ లేకుండా, ఇంట్లో నలుగురి ముందు కూర్చుని పాడు. పాట అయ్యాక 'ఎలా పాడాను' అని అడగకు. 'ఏం విన్నారు' అని అడుగు. వాళ్ళు ఆ పాటలోని మాట నీకు తిరిగి చెప్పగలిగితే, నువ్వు గాయనివి అయ్యావు.

ఆశీస్సులతో,
మీ అమ్మమ్మ
అనకాపల్లి